చదివి నొక్కాలె

“బిల్లు మళ్లీ పోయింది మేడం!” తాండూరు బండల ఫ్యాక్టరీ నుంచి యాదగిరి ఫోన్‌లో మొత్తుకుంటున్నాడు. “సేవ్ ఉన్న జాగల డిలీట్ పెట్టిన్రు. పదేండ్ల అలవాటు, చెయ్యి ఆడికే పోతున్నది. గేటు కాడ లారీలు ఆగినయ్. సేటు నన్ను ఇంటికి పొమ్మంటున్నడు.”

వికారాబాద్‌లో తల్లి వంటింట్లో, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని చాయ్ కలుపుతోంది భవ్యశ్రీ. ఆ సాఫ్ట్‌వేర్‌ను మొన్ననే కొత్తగా మార్చింది తనే. పొద్దున్నుంచి అన్నీ ఇలాంటి ఫోన్లే.

“బటన్ మీద పేరు రాసే ఉంది గదన్నా! జర చదివి నొక్కు. అలవాటైతది.” విసురుగా ఫోన్ పెట్టేసింది.

చాయ్ ఒక గుక్క తాగిన తల్లి ఇంద్రమ్మ గబగబా సింకు దగ్గరికెళ్లి ఉమ్మేసింది. “ఉప్పేసినవేందే!”

“చక్కెర డబ్బా ఎప్పుడూ కుడి పక్కనే ఉంటది గదమ్మా! ఎందుకు మార్చినవ్?”

“కొత్త అర చేయించినం గద, మంచిగ సర్దిన. డబ్బాల మీద పేర్లు నువ్వే రాసి అంటిస్తివి. చదవలేదా బిడ్డా?”

భవ్యశ్రీ డబ్బా తిప్పి చూసింది. ‘ఉప్పు’ అని తన చేతిరాతే.

ఫోన్ మళ్లీ మోగింది. యాదగిరే.

“సేవ్ పాత జాగకే తెస్తున్నన్నా,” అంది. “ఫోన్ జర సేటుకియ్యి.”