నైట్రోజన్ దొంగ

క్యాన్ మళ్లీ తేలిగ్గా ఉంది.

ఆమె రెండు చేతులా ఎత్తి ఊపి చూసింది. అడుగున ద్రవ నైట్రోజన్ కాస్త గలగలలాడింది, అంతే.

"నిన్ననేగా నింపించాను! ఎవరో మింగేస్తున్నారు," అంది ఒళ్లు మండి.

వినడానికి ఆ ల్యాబ్‌లో పంపు తప్ప ఎవరూ లేరు.

ఆ పంపు పని ఉక్కు ఛాంబర్‌లోంచి గాలి తోడెయ్యడం. ఆ ఖాళీలో గాజు పలకల మీద పల్చటి లోహపు పూత వెయ్యడం ఆమె పరిశోధన. పూత నిలిస్తే డాక్టరేటు, ఊడితే ఇన్నేళ్ల చదువూ మట్టిగొట్టుకుపోయినట్టే.

పంపుకో పాడుబుద్ధి ఉంది. గాలి తోడుతూనే తన నూనె ఆవిరిని వెనక్కి ఛాంబర్‌లోకి వదులుతుంది. దాన్ని దారిలోనే పట్టెయ్యడానికి గిన్నెలాంటి ట్రాప్ ఒకటి బిగించి ఉంటుంది. అందులో నైట్రోజన్ పోస్తే ఆ చలికి ఆవిరి అక్కడే గడ్డకట్టుకుపోతుంది. నైట్రోజన్ అయిపోయిందా, గడ్డకట్టినదంతా మళ్లీ ఆవిరై లోపలికి చేరి, గాజు మీద కంటికి కనిపించని నూనె పొరై కూర్చుంటుంది. ఇక దాని మీద ఏ పూతా నిలవదు.

అందుకే పంపు నడిచినంతసేపూ మనిషి దగ్గరుండాలన్నది అక్కడి నియమం.

ఆమె ఉండేది కాదు. మధ్యాహ్నం కాగానే చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగి ఇంటికి పరిగెత్తేది. ఇంట్లో చంటిపాప ఆకలికి ఇల్లెగిరిపోయేలా ఏడుస్తూ ఉండేది. ఆ ఏడుపుకి నియమాలేం తెలుసు?

మొదట్లో తిరిగొచ్చి భయంభయంగా ట్రాప్ మూత తీసి చూసేది. ఎప్పుడు చూసినా నిండుగానే ఉండేది. తర్వాత్తర్వాత చూడటమే మానేసింది.

"నా ట్రాప్ బంగారం. పొద్దున పోస్తే సాయంత్రం దాకా అడగదు," అని స్నేహితురాళ్ల దగ్గర మురిసిపోయేది.

పక్క ల్యాబ్‌లో ఓ ముసలి ప్రొఫెసర్ ఉండేవాడు. రిటైరయ్యాక ఏటా పొడిగింపుతో నెట్టుకొస్తున్న మనిషి. ముక్కు మీదే కోపం. అందరూ వెనకాల 'చిటపటలు' అనేవాళ్లు.

ఒకసారి ఆయనే అడిగాడు.

"అమ్మాయ్, మధ్యాహ్నంపూట ట్రాప్ చూసుకుంటున్నావా?"

"నా పని నేను చూసుకోగలను సార్."

"సరే సరే, తలుపు వేసుకో," అంటూ విసవిసా వెళ్లిపోయాడు.

ఒకరోజు పాప తొందరగా నిద్రపోయింది. ఆమె తొందరగా తిరిగొచ్చింది.

ఆమె ల్యాబ్‌లోంచి చిటపటలు బయటికొస్తున్నాడు. చేతులకు నైట్రోజన్ పొయ్యడానికి వేసుకునే లావాటి గ్లవ్స్!

"ఏంటి సార్ ఇది?"

"ఏం లేదులే," అన్నాడు గ్లవ్స్ విప్పుకుంటూ.

ఏం లేదా? ఆమె తిన్నగా డిపార్ట్‌మెంట్ హెడ్ గదికి వెళ్లింది.

హెడ్ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టాడు.

"నా ట్రాప్ రోజంతా నిండుగానే ఉంటుంది సార్. మరి నా క్యాన్ ఎలా ఖాళీ అవుతోంది? కావాలంటే అడగొచ్చుగా. ఇది దొంగతనం కాదా?"

"మీరు తీశారా?" హెడ్ ఆయన్ని అడిగాడు.

పెద్దాయన ఆమె వైపు చూశాడు.

"తీశాను."

"ఎందుకు?"

"అవసరమైంది."

అంతే. ఆయనకు ఇక పొడిగింపు దక్కలేదు. ఖాళీ చేతులతో గేటు దాటుతున్న ఆయన్ని కిటికీలోంచి చూసి, పీడ విరగడైంది అనుకుంది ఆమె.

ఆ తర్వాత క్యాన్ బరువుగానే ఉంటోంది.

"చూశారా, నేను చెప్పలా?" అంది అందరితో.

వారం తిరక్కుండానే పూతలు ఊడటం మొదలైంది. టేపు అంటించి లాగితే చాలు, పొర మొత్తం టేపుతో పాటే వచ్చేస్తోంది.

"పోతూ పోతూ ఏదో చేసిపోయాడు మహానుభావుడు!"

ఛాంబర్ విప్పి కడిగింది. పంపు నూనె మార్చింది. లాభం లేకపోయింది. థీసిస్ గడువు నెత్తిమీదికొచ్చింది.

ఒకనాడు భర్త సెలవు పెట్టి పాప దగ్గర ఉన్నాడు. మొదటిసారిగా ఆమె మధ్యాహ్నం ల్యాబ్ వదల్లేదు. భోజనాల వేళ దాటాక, ఎందుకో, ట్రాప్ మూత తీసింది.

చుక్క లేదు.

పొద్దున పోసింది మధ్యాహ్నానికే అయిపోతుందన్నమాట. మరి ఇన్నాళ్లూ నింపిందెవరు?

ఆ గ్లవ్స్ గుర్తొచ్చాయి. పంపు ఆపి, అప్పటికప్పుడు ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది.

ఆయన భార్య తలుపు తీసింది.

"సార్ ఉన్నారా అండీ?"

"లేరమ్మా. పోయిన నెల నిద్రలోనే వెళ్లిపోయారు."

ఆమె గుమ్మంలోనే భోరుమంది. పెద్దావిడ తేరిపార చూసింది.

"చంటిపాపతో చదువుకుంటున్న అమ్మాయివి నువ్వేనా? లోపలికి రా తల్లీ. నీ గురించి చెబుతుండేవారు. తింటున్న క్యారేజీ వదిలేసి మరీ వెళ్లి, నీ ట్రాప్ నింపొచ్చేవారట."

"ఆ మాట... ఆ రోజు హెడ్ గారితో చెప్పొచ్చు కదండీ!"

"నేనూ అదే పోరాను. ఈ వయసులో దొంగ అనిపించుకుని ఇంటికొస్తారా అని తిట్టాను కూడా. 'నేను నోరు విప్పితే ఆ పిల్ల పంపు వదిలేసి వెళ్తోందని బయటపడుతుంది. అప్పట్లో పిల్లలు పుట్టి నీ చదువు ఆగిపోయింది, అది చాలదా?' అన్నారు. పైకి అలా అన్నారే గానీ, ఆ దొంగ అన్న మాట ఆయన్ని లోలోపల తినేసిందమ్మా."

ఆవిడ దగ్గరికొచ్చి, తన కొంగుతో ఆమె కళ్లు తుడిచింది.

"నాతో అన్నీ చెప్పేవారు. ఆయన్ని దొంగ అన్నదెవరో మాత్రం, ఎంత అడిగినా, పోయేదాకా చెప్పలేదు."