ముప్పై ఏళ్ల మడ్డి

"ఇవాళ దీని గోల ఆగకపోతే రేపు పాత ఇనుముకి ఇచ్చేద్దాం. అంతే!" అని షెడ్డు గుమ్మంలోనే తేల్చేసింది భార్య.

భర్త మొహం పాలిపోయింది. పెళ్లయిన వారానికే కొన్న కారు అది. ఇప్పుడది వీధి మొదట్లోకి రాగానే కుక్కలు లేచి దారిస్తాయి. పక్కింటాయన దాని దెబ్బకే ఇల్లు మారాడు.

"ఇంజన్ నిండా మడ్డి పేరుకుంది సార్. కడిగేస్తే సరి," అన్నాడు మెకానిక్. మడ్డి కరిగే మందు పోశాడు. ఇంజన్ని కాసేపు తిప్పి ఆపి, అడుగున బోల్టు విప్పాడు. మడ్డితో సహా పాత ఆయిల్ నల్లగా, చిక్కగా పళ్లెంలోకి జారింది.

"నేను చూడలేను," అంటూ భర్త, తోడొచ్చిన బావమరిదిని లాక్కుని టీకి వెళ్లిపోయాడు, కన్నబిడ్డకి సూది వేయిస్తున్నట్టు.

తిరిగొచ్చేసరికి పళ్లెం లేదు. బానెట్ మూసి ఉంది. మెకానిక్ లోపలి గదిలో ఏదో వెతుక్కుంటున్నాడు. భార్య ఒక్కతే పిడికిలి బిగించి కారు పక్కన నిలబడి ఉంది.

ఆ పిడికిలి తన మీదికే అనుకున్నాడు భర్త. భయంభయంగా బానెట్ మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది. చెవి ఆనించాడు.

"ఒరేయ్, విన్నావా?"

"ఏం వినాలి బావా?"

"అదేరా! ఏమీ లేదు!"

బావమరిది నిండు గ్లాసుతో నీళ్లు తెచ్చి బానెట్ మీద పెట్టాడు. చుక్క తొణకలేదు. వెనక్కి పోయి, పొగగొట్టానికి ముక్కు ఆనించి గట్టిగా పీల్చాడు.

"పొగ కూడా లేదు బావా! మహానుభావుడు ఈ మెకానిక్!"

భర్త బావురుమన్నాడు. షెడ్డులో వాళ్లంతా పని ఆపి చూశారు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు భార్యతో, కళ్లు తుడుచుకుంటూ. "వినపడుతోందా?"

ఆవిడ అతని కళ్ల వంక చూసింది. వంగి, చెవి పెట్టి, శ్రద్ధగా వింది.

"లేదండీ. ఏ చప్పుడూ లేదు."

అక్కడికక్కడే పాత ఇనుము కొనే అతనికి ఫోన్ చేసి, రేపు రావద్దని చెప్పేసింది. ఇక భర్త ఆనందానికి పట్టపగ్గాల్లేవు. షెడ్డులో అందరికీ టీ చెప్పొస్తానని పరిగెత్తాడు. బావమరిది వెనకే పరిగెత్తాడు.

వాళ్లు మలుపు తిరిగాక ఆవిడ పిడికిలి విప్పి, ఆయిల్ లేని ఇంజన్ని ఎవరూ స్టార్ట్ చెయ్యకుండా తనకిచ్చి వెళ్లిన తాళంచెవిని, కొత్త ఆయిల్ డబ్బాతో వచ్చిన మెకానిక్ చేతిలో పెట్టింది.