వరసలో చివరి మనిషి

“మీరు ముందుకు వెళ్లండి, పెద్దమ్మా.”

ఎర్రతువ్వాలాయన ఆ ఉదయం ఆ మాట అనడం ఎన్నోసారో.

బొంతలమ్మ కదల్లేదు. పాత గుడ్డలతో బొంతలు కుట్టి బతికే మనిషి ఆమె. ఏ ముక్క దేనికి అతకదో చూపుతోనే చెప్పేస్తుంది. ఈ మనిషి ఈ వరసకు అతకడం లేదు.

ఊళ్లో పోస్టాఫీసు మూసేశాక నెలకోసారి వచ్చే పింఛను బండే అందరికీ దిక్కయింది. బండి నడిపే గుమాస్తాయే దిగి, వరసకు ఒక ఫొటో తీసి, కిటికీలోంచి డబ్బులిస్తాడు. టౌనుకు పోవాలంటే రెండు బస్సులు మారాలి. మంచం దిగలేని మొగుణ్ణి వదిలి బొంతలమ్మ అంతదూరం పోలేదు. ఆ పింఛనుతోనే ఆయనకు మందులు.

“నీది ఏ ఊరయ్యా?” అడిగింది.

“పైఊరమ్మా.”

“నీకు పింఛను వస్తుందా?”

“లేదు.”

“మరి నెలనెలా ఈ వరసలో నీకేం పని?”

“ఊరికే.”

“ఊరికే ఎండలో నిలబడటానికి పిచ్చా నీకు?”

ముందునుంచి సోడాల తాత కిసుక్కున నవ్వాడు. “పిచ్చేం కాదు చెల్లెమ్మా, తెలివే! ఎవరి సంచి బరువెక్కిందో చూసిపెట్టుకుంటున్నాడు.”

బొంతలమ్మ సంచిని చంకలోకి లాక్కుంది.

“చెప్పు! ఎందుకొస్తున్నావు?”

ఆయన అప్పుడే వచ్చి ఆగిన బండి వైపు చూశాడు.

“బండివాళ్లు వింటారు. తర్వాత చెప్తానమ్మా.”

“తర్వాతా లేదు గిర్వాతా లేదు. ఇంకోసారి ఇక్కడ కనిపించావంటే పోలీసులకు పట్టిస్తా!”

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

గుమాస్తా దిగి ఫొటో తీశాడు. అందరికీ పింఛన్లు ఇచ్చాడు.

డబ్బు చేతికందినా బొంతలమ్మకు అయోమయంగానే ఉంది. దొంగయితే అన్ని మాటలు పడి ఒక్కమాటైనా తిరిగి అనడా?

తర్వాతి నెల బండి రాలేదు.

ఆ పైనెలా రాలేదు. ఎందుకో ఎవరికీ తెలియదు. ఒకరు పన్నెండో తారీఖు వస్తుందన్నారు, ఇంకొకరు బండి చెడిపోయిందన్నారు. ఇంట్లో మందులు అయిపోయాయి.

ఒకరోజు పెద్దరోడ్డు మీద అదే బండి దూసుకొస్తూ కనిపించింది. బొంతలమ్మ ఎదురెళ్లి రెండు చేతులూ చాపింది.

“చావాలనుందా అమ్మా!” గుమాస్తా తల బయటపెట్టి అరిచాడు.

“మా ఊరికి ఎందుకు రావట్లేదు బాబూ?”

“ఫొటోలో ఇరవైమంది ఉంటేనే బండి ఆపాలని పైనుంచి ఆర్డరు. కిందటిసారి పంతొమ్మిది తలలే పడ్డాయి. మీ ఊరు కొట్టేశారు.”

“మేం ఎప్పుడూ పంతొమ్మిది మందిమేగా? మరి అంతకుముందు ఎలా వచ్చావు?” ఆమెకేమీ పాలుపోలేదు.

“చివర్లో ఎర్రతువ్వాలాయన నిలబడేవాడుగా. నేను చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి.”

బొంతలమ్మ బండి తలుపు పట్టుకుంది.

“ఆయన్ని తిట్టి తరిమింది నేనే బాబూ. వెళ్లి కాళ్లు పట్టుకుని తీసుకొస్తా.”

“లాభం లేదమ్మా. ఒకసారి కొట్టేస్తే కొట్టేసినట్టే.”

“మా ఊరి వరస గురించి పైఊరాయనకు ఎందుకంత ఆరాటం?”

గుమాస్తా గొంతు తగ్గించాడు.

“పైఊరికీ ఈ బండే వెళ్లేది. ఒక ముసలామె పోయింది. ఒక్క తల తగ్గిందని ఆ ఊరూ కొట్టేశారు.”

“అయితే?”

“ఆ ముసలామె కొడుకమ్మా ఆయన.”