లైన్ మీద మనిషి

మా ఇంట్లో కూలర్ పక్కన ఒక జత హవాయి చెప్పులుంటాయి. అవి ఎవరివీ కావు, కూలర్‌వే.

దాన్ని ముట్టుకోవాలంటే ముందు కాళ్ళకి అవి తగిలించుకోవాలి. నాన్న పెట్టిన రూలు.

నాన్న పేరు శౌరి. భిలాయి స్టీల్ ప్లాంటులో ఎలక్ట్రీషియన్. స్మృతి నగర్‌లో సొంతిల్లు కట్టుకున్నప్పుడు వైరింగంతా తనే చేశాడు. బయటివాణ్ణి గుమ్మం ఎక్కనివ్వలేదు.

"లైసెన్సున్నోడొచ్చి నాకేటి నేర్పుతాడు?" అన్నాడు.

ఎర్తింగ్ కోసం పచ్చ వైరు భూమిలోకి దిగాలి. మాది గోడలోనే ఆగిపోయింది. గొయ్యి తవ్వాలంటే వాకిట్లో కొత్త టైల్స్ పగలగొట్టాలి మరి.

షాక్ కొడితే కరెంటు ఆపేసే బ్రేకరొకటి ఉండేది. కూలర్ వేస్తే చాలు, పడిపోయేది. విసుగొచ్చి దాన్ని పీకేశాడు. దొంగని చూసి మొరిగిందని కుక్కని తరిమేసినట్టు.

ప్లాంటులో ఇదే మనిషి గ్లవ్స్ లేకుండా బోర్డు దగ్గరికి వెళ్ళడు. ఇంటికొస్తే రూల్సన్నీ గేటు బయటే.

ఇవాళ సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. పొద్దున్నే ఆ హడావిడిలో అమ్మ కూలర్లో నీళ్ళు పోస్తూ చెప్పులు మర్చిపోయింది.

బకెట్ దొర్లిన చప్పుడుకి పరిగెత్తాను. అమ్మ గోడకి చేరగిలబడి ఉంది. కుడిచెయ్యి కొంగులో చుట్టుకుంది. పెదాలు తెల్లబడ్డాయి.

"ఏటీ కాలేదే," అంది. ఎప్పుడూ అదే మాట.

"చెప్పులేసుకోమన్నానా లేదా, సుమతీ?" అన్నాడు నాన్న, కుర్చీలోంచి లేవకుండానే.

నాకు ఒళ్ళు మండిపోయింది.

మెయిన్ స్విచ్ దించాను. దాని పెట్టెకి నా హాస్టల్ ట్రంకు తాళం వేశాను. తాళంచెవి గుప్పిట్లో బిగించాను.

"ఏటే అది? తీయ్."

"తియ్యను."

"జూడీ!"

"పహలే ఎర్తింగ్. ఫిర్ చాబీ." ముందు ఎర్తింగ్, ఆ తర్వాతే తాళంచెవి అని. కోపమొస్తే నాకు తెలుగు రాదు.

మే నెల. మధ్యాహ్నానికి ఇల్లు కొలిమైపోయింది. అమ్మ వంటగదిలోనే ఉండిపోయింది.

ఎండ వాలేసరికి సెక్టర్ 4 నుంచి త్రినాథరావు మావయ్య దిగాడు. నాన్నతో ఒకే షిఫ్టు. కూడికలో పాటా పాడడు, ప్రార్థనా చెయ్యడు, టీ వచ్చేదాకా మాత్రం కదలడు.

స్నేహితుడి ముందు పరువు పోతోందనిపించిందేమో, నాన్న సుత్తి తెచ్చాడు.

నేను పెట్టెకి అడ్డంగా నిలబడ్డాను. భయం వేసింది. అయినా కదల్లేదు.

"కొట్టు నాన్నా. ఇంకొకరి తాళం ముట్టుకోకూడదని నువ్వే కదా చెప్పావు!"

ప్లాంటులో అది పెద్ద కట్టుబాటు. లైన్ మీద పనిచేసే మనిషి స్విచ్‌కి తన తాళం వేసుకుని, తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంటాడు. అతను బయటికొచ్చి తీసేదాకా ఎంత పెద్ద ఆఫీసరైనా దాని జోలికి పోకూడదు.

ఓసారి మిల్లు ఆగిపోయిందని ఒక ఆఫీసరు తాళం పగలగొట్టమని అరిస్తే, నాన్న ఇలాగే అడ్డంగా నిలబడ్డాడట. అప్పుడు లోపలున్నది త్రినాథరావు మావయ్యే. ఈ కథ వినకుండా మా ఇంట్లో ఒక్క పండగా గడవలేదు.

సుత్తి లేచింది. లేచి, గాల్లోనే ఆగింది.

"అడగరా ముందు," అన్నాడు మావయ్య మెల్లగా. "అడక్కుండా ఎప్పుడైనా తాళం మీద చెయ్యేసావేటి?"

నాన్న సుత్తి దించాడు. తర్వాత, ప్లాంటులో అడిగినట్టే అడిగాడు.

"లైన్ మీద ఎవులు?"

నేను నోరు తెరిచేలోపు వంటగది గుమ్మంలోంచి జవాబొచ్చింది.

"నేను."

అమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. ఎడమచెయ్యి నా ముందు చాపింది. కుడిచెయ్యి ఇంకా కొంగులోనే దాచుకుంది.

తాళంచెవి ఇచ్చాను. దాన్ని రవికలో దోపుకుంది.

నాన్న వైపు చూడలేదు.

"కిటికీలు తియ్యి జూడీ," అంది. "జనం వొచ్చీ వేళయింది."