తొడ మీద దురద

"చూడ్డానికి ఎగ్జిమాలాగే ఉంటుందమ్మా. కానీ ఇది చాలా అరుదుగా వచ్చే క్యాన్సర్. చిన్న చర్మం ముక్క తీసి పరీక్ష చేశాకే తేడా తెలిసింది," అంది ఇంగ్లండులోని నార్తాంప్టన్ ఆసుపత్రిలో తెలుగు డాక్టరమ్మ.

నాగేశ్వరి తలొంచుకుంది.

"మర్మాంగం దగ్గర రెండేళ్లుగా దురద, మంట అంటున్నారు. మీ జీపీ, అదే మీ ఫ్యామిలీ డాక్టరు, మాత్రం 'తొడ మీద దురద, క్రీము రాస్తే తగ్గుతోంది' అని రాశాడేమిటి?"

భార్యకు ఇంగ్లీషు రాదని జీపీతో ప్రతిసారీ మాట్లాడింది వెంకటాచలమే. పరాయి మగాడి ముందు ఆ చోటు పేరెత్తడానికి నోరు రాక తొడన్నాడు. ఎక్కడ చూపించమంటాడోనని తగ్గుతోందన్నాడు.

బయటికొచ్చాక, కారు దగ్గర ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నీకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చుంటే ఇంతదాకా వచ్చేది కాదే."

నాగేశ్వరి చెయ్యి విడిపించుకోలేదు.

"ఈ దేశం వచ్చి పద్దెనిమిదేళ్లయింది. మీరు ఆ జీపీతో ఏం చెబుతున్నారో నాకు తెలుస్తూనే ఉందండీ. ఆయన ముందు మిమ్మల్ని అబద్ధాలకోరుని చెయ్యలేక ఊరుకున్నాను."