మీసం మొక్కు

"తల తియ్యి బాబూ, మీసం మాత్రం ముట్టుకోకు" అన్నాడు సుబ్రహ్మణ్యం, రెండు చేతులతో మూతి కప్పుకుంటూ.

ద్వారకా తిరుమల కల్యాణకట్టలో ఆయన ఎదురుగా కూర్చున్న క్షురకుడు వీర్రాజు కత్తి పైకెత్తి అలాగే ఆగిపోయాడు. "అదేంటండి! స్వామికి తలనీలాలంటే మీసం కూడా కలిపేనండి. సగం ఇచ్చి సగం దాచుకుంటే ఏం బాగుంటదండి?"

"బాగా చెప్పావు నాయనా, నున్నగా తీసెయ్యి" అంది వెనక నిలబడ్డ భార్య చాముండేశ్వరి.

"మొక్కుకున్నది నువ్వు, గుండు నాదీనా? ఇదెక్కడి న్యాయమే?"

"నేనైతే మూడు కత్తెర్లిచ్చి ఊరుకోవాలి. స్వామికి అంత పెద్ద పని అప్పజెప్పి మూడు కత్తెర్లిస్తే ఏం మర్యాదండీ? అందుకే మీది మొక్కాను."

పని పెద్దదే మరి. పెదవి చీలి, కొందరికి అంగిలి కూడా చీలి పుట్టే గ్రహణమొర్రి పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేయించే సంస్థ ఒకటుంది. దానికి విరాళాలు పోగుచేద్దామని చాముండేశ్వరి అన్నది మొదలు, ఏలూరులో వాళ్ళిల్లు ఇల్లులా లేదు. ఆవిడ సున్నుండలు చుట్టింది. కూతురు వీణ డబ్బాల్లో సర్దింది. సుబ్రహ్మణ్యం స్కూటరెక్కి పవర్‌పేట అంతా ఇంటింటికీ తిరిగి అమ్మాడు. ఈ ఏడాదికి అనుకున్న పిల్లలందరికీ సరిపడా పోగైతే ఆయన తలనీలాలు ఇప్పిస్తానని ఆవిడ మొక్కేసుకుంది, ఆయనకు మాట మాత్రమైనా చెప్పకుండా. చివరికి ఉండి ఊరి దగ్గర చేపల చెరువుల రైతొకాయన, తక్కువ పడిందంతా తనే ఇచ్చేశాడు. ఇంకేముంది, ఈయన గుండుకు ముహూర్తం కుదిరిపోయింది.

గుండుకేం, ఎండాకాలం హాయిగానే ఉంటుంది. ఆయన భయమంతా మీసం కింద ఉంది. పై పెదవి మీంచి ముక్కు దాకా కుట్ల గీత. ఆయనా గ్రహణమొర్రి పిల్లాడే. అది కనపడకూడదని కాలేజీ రోజుల్లో పెంచిన మీసం అది, కత్తిరించుకునేది కూడా తలుపు గడియ పెట్టుకునే. పెళ్ళిచూపుల్లో చెప్పలేదు. పెళ్ళయ్యాక చెప్పడానికి నోరు రాలేదు. ఇంత కాపురం చేశాక ఇప్పుడు బయటపడితే, మోసం చేశాడనుకోదూ ఆవిడ?

"నాన్నా, మీసమే కదా, మళ్ళీ వస్తుంది. ఎందుకండీ అంత బెంగ?" అంది వీణ.

"నీకు తెలీదులే అమ్మా" అని ఆయన కళ్ళు మూసుకున్నాడు.

మూసుకున్న కళ్ళ ముందుకు కొల్లేరు వచ్చేసింది. నాన్న అక్కడి లంక గ్రామంలో బడిపంతులు. కడుపుతో ఉండగా గ్రహణం వేళ కత్తిపీట ముందు కూర్చుందనీ, అందుకే పిల్లాడి పెదవి తెగిందనీ ఊరంతా అమ్మనే ఆడిపోసుకుంది. అమ్మ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఉగ్గుగిన్నెతో చుక్కచుక్క పాలు పోసి ఆయన్ని బతికించుకుంది. కాస్త పెద్దయ్యాక ఆపరేషన్‌కని దోనెలో కూర్చోబెట్టుకుని కొల్లేరు దాటించింది. పిల్లాడు భయపడకుండా దారి పొడుగునా కలువలు కోసి ఒళ్ళో పోసింది. కట్లు విప్పించుకుని తిరిగొచ్చేటప్పుడూ అదే దోనె. కొత్త మొహం ఎలా ఉందోనని నీళ్ళలోకి వంగితే, "పడతావురా నాయనా!" అని నడుం పట్టుకు లాగింది. మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, "ఎంత ముద్దొస్తున్నావురా" అంటూ ఏడ్చేసింది. అంత సంతోషంగా అమ్మ ఏడవడం ఆయన మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

అమ్మ పోయి చాలా కాలమైంది. ఆ దోనెలు తిరిగిన చోట ఇప్పుడు చేపల చెరువుల గట్ల మీద లారీలు తిరుగుతున్నాయి. అమ్మ అంత మురిసిపోయిన పెదవిని ఇన్నేళ్ళూ దాచిపెట్టుకున్నానే అనిపించి, ఆయనకు తన మీద తనకే సిగ్గేసింది.

చేతులు తీసేశాడు. "కానియ్యి బాబూ."

మీసం పోయింది. వీర్రాజు ఆ గీతను చూసి, కత్తి తుడుచుకున్నాడు. వీణ మాత్రం దగ్గరకొచ్చి వంగి చూసింది.

"నాన్నా! ఇదేంటండీ?"

"గ్రహణమొర్రమ్మా. చిన్నప్పుడు కుట్టించారు." ఆయన భార్య వైపు తలెత్తలేకపోయాడు. "చాముండీ, నీ దగ్గర దాచాను. తప్పే. నువ్వు ఎన్ని తిట్టినా పడతాను."

ఆవిడ తిట్టలేదు. కొంగుతో ఆయన చెంపల మీది వెంట్రుకలు దులిపింది. "ఎప్పుడు దాచారండీ? పెళ్ళిచూపుల్లో కాఫీ తాగుతుంటే మీసం తడిసి పక్కకి అతుక్కుపోయింది. ఆ రోజే చూశాను."

సుబ్రహ్మణ్యం ఇన్నేళ్ళ భయం ఒక్క కాఫీ గుక్కలో తేలిపోయింది. వెంటనే ఇంకో అనుమానం వచ్చి పడింది.

"తెలిసి కూడా ఎందుకు ఒప్పుకున్నావే? జాలిపడా?"

"జాలా, నా మొహమా!" అని చాముండేశ్వరి ఫక్కున నవ్వింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన చెవి దగ్గరకు వంగి మెల్లగా అంది.

"ధైర్యమండీ. నా అంగిట్లో కుట్లు ఎప్పుడైనా మీ కంటబడినా, మీరు నన్నేమీ అనలేరని!"