మొక్కుబడి

డెబ్బయ్యేడు ఉప్పెనలో భర్త పోయాక గంగారత్నం పామర్రు బజారులో చేపలు అమ్ముకుని బతుకుతోంది. ఏడాదిగా ఆమె బావగారు ఎల్లారావు రోజూ వచ్చి ఆమె ముందు సైకిలు ఆపేవాడు.

"తిన్నావా అమ్మా?" అనేవాడు, ఎటో చూస్తూ. సైకిలు దిగేవాడు కాదు.

"తిన్నాను బావగారూ" అనేది ఆమె, తిన్నా తినకపోయినా. ఆ మాట పూర్తయ్యేలోపే సైకిలు కదిలిపోయేది.

ఒకరోజు మధ్యాహ్నం ఎండకి చేపలు మెత్తబడిపోతున్నాయి. ఆమెకి ఓపిక నశించింది.

"రేపట్నుంచి రాకండి బావగారూ. నా మొహం కూడా చూడకుండా మొక్కుబడికి అడిగితే ఎంత, అడక్కపోతే ఎంత?"

ఎల్లారావు సైకిలు దిగి స్టాండు వేశాడు.

"మొక్కుబడేనమ్మా. ఆ రోజు నేను తాడిచెట్టు పట్టుకుని ఉన్నాను. తమ్ముడి చెయ్యి నా చేతిలో ఉంది. కెరటం లాక్కుపోయిందని మీ అందరికీ చెప్పాను. లాక్కుపోలేదు. ఇద్దరం పోతామని నేనే వదిలేశాను. వదిలేసి, నన్ను బతికిస్తే నీకు ముద్దకి లోటు రానివ్వనని గంగమ్మతల్లికి మొక్కుకున్నాను. ఇంక నీ మొహం ఎట్టా చూడమంటావ్?"

ఎవరో వచ్చి చేపల ధర అడిగి, జవాబు రాక వెళ్లిపోయారు. తిట్టినా కొట్టినా పడటానికి సిద్ధమై అతను తల వంచుకుని నిలబడే ఉన్నాడు.

చివరికి ఆమె గంప కాస్త పక్కకి జరిపి, పక్కన చోటు చేసింది.

"నిన్నట్నుంచి ఏం తినలేదు బావగారూ" అంది.